పాత గణకయంత్రానికి కొత్త తెర

రేణిగుంట నుంచి శ్రీకాళహస్తికి పోయే దారిలో ఏర్పేడు తగులుతుంది. ఆ మండలంలోని వికృతమాల గ్రామం మొన్నమొన్నటి దాకా చిత్తూరు జిల్లాలోది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విభజించినప్పటి నుంచి తిరుపతి జిల్లాకు చేరింది. అక్కడి ఎలక్ట్రానిక్ పరిశ్రమల వాడలో టి.సి.ఎల్. అనే చైనా సంస్థవారి తెరల కర్మాగారానికి 2018 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. తిరుపతి దగ్గరనే డిక్సన్ సంస్థ టెలివిజన్ సెట్లు తయారుచేస్తున్నది. ఏడుకొండలవాని యాత్రకూ, చిత్తూరు మామిడికీ, బెల్లానికీ పేరు పొందిన సీమకు ఈ విధంగా గాజు తెరల పేరు కూడా కలిసింది.

ఇటువంటి తెరలలో నేడు సాధారణమైన దానికి అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. హెచ్చవేస్తే 20 లక్షల 73 వేల 600. 1982లో ఇంగ్లండులో వెలువడిన సింక్లేర్ స్పెక్ట్రమ్ అనే చిన్న గృహ కంప్యూటరు గీసే బొమ్మకు అడ్డంగా 256, నిలువుగా 192 చుక్కలు మాత్రమే. మొత్తం 49,152. అంటే ఇప్పటి తెరలో నలభై రెండో వంతు కూడా లేదు. చెరువును నింపలేనివాడికి చెంబు నింపటం కష్టం గాని, చెరువును నింపగలవాడికి చెంబు ఒక లెక్కా అని ఎవరికైనా తోస్తుంది. ఇక్కడ సంగతి తారుమారు. ఆ కొంచెపు బొమ్మను ఈ ఘనమైన తెర మీదికి ఎక్కించటానికి ప్రపంచమంతటా ఔత్సాహికులు ఏళ్ళ తరబడి టంకపు కడ్డీ చేతపట్టి కుస్తీ పడుతున్నారు. ఎందుచేతనో తెలుసుకోవాలంటే ఆ బొమ్మ ఏ తెర కోసం పుట్టిందో ముందు చూడాలి.

1980 ప్రాంతంలో ఇంట్లో పెట్టుకొనే కంప్యూటరు అమ్మదలచినవారికి అన్నిటికన్న పెద్ద ఖర్చు తెర. యంత్రంకన్న దానికే ఎక్కువ ధర పడేటట్టుండేది. అయితే కొనేవాడి ఇంట్లో అప్పటికే ఒక తెర ఉన్నది, అదే టెలివిజన్ సెట్టు. దాన్నే వాడుకుందామన్నారు. ఆ ఒక్క నిర్ణయంతో కంప్యూటరు బొమ్మ టెలివిజన్ నియమాలకు లోబడిపోయింది.

ఆ నియమాలు గాజు నాళంలోని ఎలక్ట్రాను కిరణాన్ని బట్టి ఏర్పడినవి. కిరణం తెర ఎడమ అంచున బయలుదేరి కుడి అంచుకు పోయి ఒక గీత గీస్తుంది. చటుక్కున వెనక్కు వచ్చి దాని కింద ఇంకో గీత. రైతు నాగలితో చాలు వెంట చాలు దున్నినట్లన్నమాట. కాకపోతే కాడికి తిరుగు ప్రయాణంలో కూడా పని ఉంటుంది, కిరణానికి ఉండదు. మన దేశమూ ఐరోపాలో పలు దేశాలూ అనుసరించిన పద్ధతిలో పూర్తి చిత్రానికి 625 గీతలు, సెకండుకు 25 చిత్రాలు. కనుక సెకండుకు 15,625 గీతలు. ఒక్కొక్క గీతకు దొరికే వ్యవధి 64 మైక్రోసెకండ్లు. కన్ను మిణుకు గమనించకుండా ఉండేందుకు చిత్రాన్ని రెండు విడతలుగా, ఒకసారి బేసి గీతలు, ఒకసారి సరి గీతలు గీస్తారు. అందుచేత విడతకు వచ్చేది 312 గీతలున్నర.

ఆ 'న్నర'ను పాఠకులు గుర్తుంచుకోవాలి. దాని మీద ముందు ముందు చాలా తగాదా ఉన్నది.

మన దేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలయింది. హైదరాబాదు కేంద్రం 1977లో వచ్చింది. రంగుల ప్రసారం 1982 ఆగస్టు 15న ప్రారంభమై, ఆ సంవత్సరం చివర ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడలతో ప్రజలకు పరిచయమయింది. రంగులకు మనవారు ఎంచుకొన్నది జర్మనీలో టెలిఫుంకెన్ సంస్థలో వాల్టర్ బ్రూఖ్ 1962 చివర రూపొందించిన 'పాల్' పద్ధతి. ఇంగ్లండులోనూ అదే పద్ధతి. కనుక ఇంగ్లండు కంప్యూటరు తెచ్చి మన సెట్టుకు తగిలిస్తే బొమ్మ రావాలి. తరచు రాలేదు.

దోషం ఎక్కడున్నదంటే, ఆ రోజుల్లో టెలివిజన్ సెట్టుకు లోపలికి పోయే దారి ఒక్కటే. అది ఏరియల్ తీగ తగిలించే రంధ్రం. ఆ దారిన పోవాలంటే బొమ్మ ఒక ప్రసార కేంద్రం నుంచి వచ్చినట్లు వేషం వేసుకోవాలి. స్పెక్ట్రమ్‌లో మాడ్యులేటరు అనే ఒక చిన్న రేకు డబ్బీ ఈ వేషం వేయిస్తుంది. బొమ్మను ఒక రేడియో తరంగం మీద ఎక్కించి పంపుతుంది. సెట్టు ఆ తరంగాన్ని పట్టి, బొమ్మను దించి తెరకు పంపుతుంది. చిత్తూరులో పక్క ఇంటివారికి ఇవ్వవలసిన బెల్లపు బుట్టను రేణిగుంట స్టేషనుకు మోయించి, అక్కడ రైలు పార్సెలు కట్టించి, మళ్ళీ చిత్తూరుకే తెప్పించి ఇచ్చినట్లున్నది ఈ ఏర్పాటు. దారిలో బెల్లం కొంత కరగక మానదు. పైగా ఇంగ్లండు యంత్రాలు ఎక్కే బండి అక్కడి 36వ ఛానెలు. అది 591 మెగాహెర్ట్జ్ ప్రాంతంలోని యు.హెచ్.ఎఫ్. తరంగం. మన దూరదర్శన్ నడిచినది వి.హెచ్.ఎఫ్. మీద. అందులోని పై పట్టీ కూడా 174 నుంచి 230 మెగాహెర్ట్జ్ వరకే. వి.హెచ్.ఎఫ్. మాత్రమే పట్టగల సెట్టుకు ఆ 36వ ఛానెలు బండి ఆగని స్టేషను వంటిది.

అందువల్ల పాత యంత్రాలకు చేసే సవరణలలో మొదటిదీ, అన్నిటిలోకి చవకైనదీ ఆ రేకు డబ్బీని పక్కకు తప్పించటమే. స్పెక్ట్రమ్‌లో అది చేసే తీరు ఇది. డబ్బీ మూత తీసి, బయటి రంధ్రానికి పోయే లోపలి రెసిస్టరును ఊడదీస్తారు. డబ్బీలోకి వచ్చే తీగ మీద ఇంకా తరంగం ఎక్కని బొమ్మ, అంటే 'కాంపొజిట్' సంకేతం ఉంటుంది. దాన్ని 100 మైక్రోఫారడ్ల కెపాసిటరు ద్వారానో, ఒక చిన్న ట్రాన్సిస్టరు ద్వారానో అదే రంధ్రానికి కలుపుతారు. టెలివిజన్‌కు ప్రత్యేకంగా వీడియో రంధ్రం ఉంటే చాలు, బొమ్మ తిన్నగా పోతుంది. ఖర్చు టీ ఖర్చు. గుసగుసలాడే మంచు చుక్కలు మాయమై నేపథ్యం శుభ్రపడుతుంది. మన దేశంలో 1980లలో పుణెలోని డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ అనే సంస్థ స్పెక్ట్రమ్‌నే 'డి.బి. స్పెక్ట్రమ్' పేరుతో తయారుచేసింది.

అయినా ఈ సవరణతో రోగం సగమే కుదురుతుంది. ఎరుపు అక్షరాలను నీలం మీద అచ్చువేసి చూడండి: అంచులు పులుముకుపోయి, తడి అద్దకం బట్ట మడిచినట్లుంటుంది. కారణం పాల్ పద్ధతిలోనే ఉన్నది. అందులో వెలుగూ రంగూ ఒకే తీగ మీద ప్రయాణిస్తాయి. వెలుగు వివరాలకు సుమారు 5 మెగాహెర్ట్జ్ చోటు ఇచ్చి, రంగుకు 4.43 మెగాహెర్ట్జ్ వద్ద ఒక చిన్న గది ఇచ్చారు. అందులో రంగు మార్పులకు దొరికేది 1 మెగాహెర్ట్జ్‌కు కొంచెం పైన మాత్రమే. మనిషి కన్ను రంగులోని సూక్ష్మ వివరాలను అంతగా పట్టించుకోదు గనుక, నటి ముఖానికీ క్రికెట్ మైదానానికీ అది చాలు. కంప్యూటరు సెకండుకు 70 లక్షల చుక్కలు విసురుతుంది. ఒక చుక్క ఎరుపు, పక్క చుక్క నీలం అయితే ఆ మార్పు గదిలో పట్టదు.

ఇంకొక యంత్రం కథ ఈ విషయాన్ని మరీ స్పష్టం చేస్తుంది. అది మన దేశపు బడులకు ఎక్కువ దగ్గరిది కూడా.

1984-85లో భారత ప్రభుత్వం సుమారు 250 పాఠశాలలతో 'క్లాస్' అనే కంప్యూటరు అక్షరాస్యతా పథకాన్ని ఆరంభించింది. దానికి ఎంచుకొన్నది ఇంగ్లండులో ఎకార్న్ సంస్థ 1981 డిసెంబరులో విడుదల చేసిన బి.బి.సి. మైక్రో. సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ దాని రూపకర్తలలో ముఖ్యులు. తరువాత మొహాలీలోని ప్రభుత్వ సంస్థ సెమికండక్టర్ కాంప్లెక్స్ దీన్నే 'యూనికార్న్' పేరుతో మన దేశంలో తయారుచేసింది. ఆ సంస్థ చిప్పుల కర్మాగారం 1989లో అగ్నిప్రమాదానికి గురికావటం మన ఎలక్ట్రానిక్స్ చరిత్రలో ఒక పెద్ద దెబ్బ. అది వేరే వ్యాసానికి తగిన సంగతి.

బి.బి.సి. మైక్రో వెనుక బొమ్మకు మూడు దారులున్నాయి. ఒకటి పాత ఏరియల్ దారి. రెండవది కాంపొజిట్. మూడవది ఆరు సూదుల గుండ్రని రంధ్రం. అందులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ మూడు వేరు తీగల మీద వస్తాయి. ఈ మూడవదాన్ని ఆర్.జి.బి. అంటారు. వింత ఏమంటే కాంపొజిట్ దారిలో మామూలుగా వచ్చేది నలుపు తెలుపు బొమ్మ మాత్రమే. రంగు కావాలంటే యంత్రం మూత విప్పి, బోర్డు మీద విడిగా వదిలిన ఒక లంకెను టంకంతో కలపాలి. యజమాని చేత సవరణ చేయించటానికి తయారీదారుడే తలుపు ఓరగా పెట్టాడన్నమాట. అంత రంగుల యంత్రానికి ఈ నిరాడంబరం ఎందుకంటే లెక్క కట్టి చూడవచ్చు. వరుసకు 40 అక్షరాల పద్ధతిలో దాని చుక్కలు సెకండుకు 80 లక్షలు. ఒకటి వెలిగి ఒకటి ఆరితే 4 మెగాహెర్ట్జ్ అలజడి; రంగు గది గోడ పక్కనే. సెట్టు దాన్ని రంగనుకొని, తెల్లని అక్షరాలకు లేని ఇంద్రధనుస్సులు పూస్తుంది. రంగును ఆపివేస్తే అక్షరం నిలుస్తుంది. ఇక వరుసకు 80 అక్షరాల పద్ధతిలో చుక్కలు సెకండుకు కోటీ 60 లక్షలు, అలజడి 8 మెగాహెర్ట్జ్. మామూలు టెలివిజన్ దారిలో అది పట్టనే పట్టదు. ఆర్.జి.బి. తీగలూ, వాటికి తగిన మానిటరూ తప్ప గతిలేదు.

ఈ సందర్భంలో తెలుగు లిపి సంగతి ఎత్తకుండా ఉండలేము. ఈ యంత్రాలన్నీ ఒక అక్షరానికి అడ్డం 8, నిలువు 8 చుక్కల గడి కేటాయించాయి. ఇంగ్లీషు 'ఎ'కు అది విశాలమైన ఇల్లు. బి.బి.సి. మైక్రోలో ఎనిమిది సంఖ్యలు ఇచ్చి అక్షరాన్ని మనకు కావలసిన ఆకారంలో దిద్దుకోవచ్చు కూడా. కాని 'శ్రీకాళహస్తి' అని రాయబోండి. మొదటి అక్షరంలోనే శకారం, దానిపై గుడి దీర్ఘం, పక్కన రవత్తు. చివర సకారానికి కింద తవత్తు, పైన గుడి. ఎనిమిది గీతలలో మూడు అంతస్తులు కట్టాలి, అంతస్తుల మధ్య ఖాళీ గీత వదలాలి. మనిషి నిలబడే ఎత్తు ఉండదు. నిలువుగా రెండు గడులు కలిపి వాడితే అక్షరం నిలుస్తుంది గాని, 256 గీతల తెర మీద 32 వరుసలు కాస్తా 16 అవుతాయి. 'వికృతమాల' అనే పేరుకూ ఇదే చిక్కు: కకారం కింద వట్రసుడి వేలాడుతుంది. ఆనాటి తెరల చుక్కల లెక్క మన లిపిని అడిగి వేసినది కాదు.

దీనికి మన దేశంలో దొరికిన జవాబు కూడా ఒక రకంగా తెర సవరణే. కాన్పూరు ఐ.ఐ.టి.లో మొదలైన పరిశోధన ఆధారంగా, 1988లో పుణెలో ఏర్పడిన సి-డాక్ సంస్థ 'జిస్ట్' అనే కార్డును తెచ్చింది. పి.సి. లోపల ఖాళీ స్లాటులో దాన్ని బిగిస్తే, ఇంగ్లీషు అక్షరాల కోసం రాసిన ప్రోగ్రాములలోనే తెలుగు మొదలైన భారతీయ లిపులు తెర మీద కనిపించేవి. ప్రోగ్రాము తాను మామూలు అక్షరాలనే పంపుతున్నాననుకొంటుంది. వత్తులూ గుణింతాలూ కూర్చే పని కార్డు చూసుకొంటుంది. ఈనాడు ఫోనులో తెలుగు చదువుకొనేవారు ఆ కార్డును ఎరగరు గాని, ఆ మేలు చిన్నది కాదు.

1987లో ఐ.బి.ఎమ్. సంస్థ వి.జి.ఎ. పద్ధతిని తెచ్చింది. అందులో సెకండుకు గీతలు సుమారు 31,500. పాత పద్ధతికి రెట్టింపు. అప్పటి నుంచి కంప్యూటరు మానిటర్లు చాలావరకు 15,625 గీతల సంకేతాన్ని గుర్తించటమే మానివేశాయి. తీగ సరిపడేటట్లు అతికించినా, తెర నల్లగా ఉండిపోతుంది. ఒక్కొక్క గీతను జ్ఞాపకంలో పెట్టుకొని రెట్టింపు వేగంతో రెండుసార్లు చదివి ఇచ్చే పెట్టెలు బయలుదేరాయి. వాటితో చాలాకాలం పని గడిచింది.

పలచని తెరలు వచ్చాక చిక్కు రూపం మార్చుకొన్నది. ఏర్పేడు వైపు తయారయ్యే తెరలో కిరణం లేదు, చాళ్ళు లేవు. వరుసలుగా పేర్చిన గళ్ళు ఉన్నాయి. ప్రతి గడికీ ఇంత వెలుగు అని ఒక సంఖ్య చెప్పాలి. కనుక సెట్టు వచ్చే సంకేతాన్ని ముందు కొలవాలి. సాధారణంగా ఆ కొలతలు సెకండుకు కోటీ 35 లక్షలు. స్పెక్ట్రమ్ చుక్కలు 70 లక్షలు. ఒకదానిలో ఒకటి సరిగా పోదు. కొన్ని చుక్కలకు రెండు కొలతలు నిండుగా దక్కుతాయి, కొన్నిచోట్ల ఒకే కొలత ఇద్దరు పొరుగువారి మధ్య సరిహద్దు మీద పడుతుంది. నిలువు గీతలు ఒకటి లావు, ఒకటి సన్నం అయి, అంచులు మసకబారుతాయి.

ఇక ఆ 'న్నర' సంగతి. స్పెక్ట్రమ్ విడతకు 312 గీతలున్నర గీయదు, సరిగ్గా 312 గీస్తుంది. అందువల్ల రెండు విడతలూ ఒకే చాళ్ళ మీద పడతాయి. పాత గాజు నాళం దీన్ని పట్టించుకోదు. గీతల మధ్య సన్నని నల్లని సందులు మిగులుతాయి, అంతే. కొత్త సెట్టు మాత్రం నియమ పుస్తకం చదువుకొని వచ్చినది. వచ్చినవి బేసి, సరి విడతలే అయి ఉంటాయని తలచి రెంటినీ అల్లుతుంది. కదలని బొమ్మ అంచులు కూడా వణకటం మొదలవుతుంది. ఈ అల్లికకు పట్టే వ్యవధి వేరు. విడతకు 20 మిల్లీసెకండ్లు గనుక, నాలుగు విడతలు ఆగితే 80 మిల్లీసెకండ్లు. ఉత్తరం రాసేవాడికి అది తెలియదు. ఆటలో గోతి మీదుగా దూకేవాడు గోతిలో పడతాడు.

ఈ చిక్కుముడిని చక్కగా విప్పిన ప్రయత్నాలలో ఒకటి బి.బి.సి. మైక్రో అభిమానుల నుంచే వచ్చింది. పేరు 'ఆర్.జి.బి. టు హెచ్.డి.ఎమ్.ఐ.'. హెచ్.డి.ఎమ్.ఐ. అనేది 2002 చివర వెలువడిన తీగ ప్రమాణం; ఈనాటి సెట్లన్నిటికీ ఉన్నది. ఆర్.జి.బి. తీగలలో ప్రతిదీ వెలిగిందా, ఆరిందా అనే రెండే మాటలు చెబుతుంది. మూడు తీగలకు ఎనిమిది రంగులు. ఇంతకన్న శుభ్రమైన సమాచారం ఉండదు. దాన్ని పులిమి పంపి, పులిమినదాన్ని మళ్ళీ కొలవటం అనవసరం. కనుక ఒక చిన్న చిప్పు యంత్రపు వేగానికి సరిపోయేటట్లు, ప్రతి చుక్కనూ దాని నడిమధ్య చూసి, వెలుగా చీకటా అని నమోదు చేస్తుంది. చుక్కలన్నీ లెక్క తప్పకుండా దొరుకుతాయి. వాటిని పెద్దవిగా చేసి తెరకు పంపే పని రాస్ప్‌బెర్రీ పై జీరో అనే అరచేతిలో పట్టే కంప్యూటరుది. 2015లో అది వెలువడినప్పుడు దాని ధర 5 డాలర్లు.

ఇక్కడ ఒక చుట్టరికం చెప్పాలి. ఆ చిన్న కంప్యూటరులోని ప్రోసెసరు 'ఆర్మ్' జాతిది. ఆర్మ్‌ను రూపొందించినవారు ఎవరో కాదు, బి.బి.సి. మైక్రో రూపకర్తలైన విల్సన్, ఫర్బర్‌లే. వారి మొదటి ఆర్మ్ చిప్పు 1985 ఏప్రిల్ 26న పనిచేసింది. అప్పుడు దాన్ని పరీక్షించటానికి తగిలించినది కూడా బి.బి.సి. మైక్రోకే. నాడు ఆ యంత్రం ఒడిలో కళ్ళు తెరిచిన బిడ్డ సంతతే నేడు దానికి చూపు ఇస్తున్నదన్నమాట.

అందరూ ఈ సవరణలను మెచ్చుకోరు. పాత యంత్రాన్ని కోయకూడదు, టంకం తాకించకూడదు అనేవారున్నారు. వారి మాటలో బలం లేకపోలేదు: ఊడదీసిన రెసిస్టరు భద్రపరచకపోతే యంత్రం మళ్ళీ మొదటి రూపానికి రాదు. కాని గాజు నాళాలను తయారుచేసే కర్మాగారాలు మూతపడ్డాయి. ఉన్న నాళాలు ఏటేటా మసకబారుతున్నాయి. చూపే తెర లేని కంప్యూటరు, లోపల ఎంత ఆరోగ్యంగా ఉన్నా, బీరువాలో పెట్టిన పెట్టె మాత్రమే. మొదటి రూపాన్ని చెరపకుండా బయటి రంధ్రానికే తగిలించే ఆర్.జి.బి. మార్గం ఉన్నప్పుడు దాన్నే ఎంచుకోవటం న్యాయంగా కనిపిస్తుంది; ఆ రంధ్రం లేని స్పెక్ట్రమ్‌కు రేకు డబ్బీ సవరణ తప్పదు. అన్నిటికీ ముందు చూడవలసింది విద్యుత్ సరఫరా. బి.బి.సి. మైక్రో పవర్ సప్లైలోని కొన్ని కెపాసిటర్లు వయసుతో బీటలు వారి, చెమ్మ పీల్చి, స్విచ్చి వేసిన కాసేపటికి గది నిండా పొగ విడుస్తాయని పేరు పొందాయి. ఏళ్ళ తరబడి అటక మీద ఉన్న యంత్రాన్ని వాటిని మార్చకుండా వెలిగించటం సాహసం.

ఏ పెట్టె పెట్టినా తీరని లోటు ఒకటి మాత్రం మిగిలింది. బి.బి.సి. మైక్రోకు 'లైట్ పెన్' అనే కలం తగిలించుకోవచ్చు. దాన్ని తెరకు ఆనిస్తే, కిరణం ఆ చోటును దాటిన క్షణాన కలం ఒక సంకేతం ఇస్తుంది. ఆ క్షణంలో తాను ఎన్నో గీతలో ఎక్కడున్నదో యంత్రం గుర్తుపెట్టుకొని, కలం ఎక్కడ ఆనిందో చెబుతుంది. వికృతమాల తెర మీద ఆ కలాన్ని ఎంతసేపు ఆనించినా యంత్రానికి కబురు రాదు. అక్కడ దాటిపోయే కిరణం లేదు.